చెరిసగం కారు

21 జనవరి 2002, సోమవారం

ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చిన డైరీ. మూడు వారాలు ఖాళీగానే పోయింది. ఇవాళ రాస్తున్నాను, ఎవరితోనూ చెప్పుకునే విషయం కాదు గనక.

పొద్దున్న గులాబీ మడులకు నీళ్ళు పెట్టిస్తుంటే భాస్కరం భార్య మాణిక్యాంబ గారు వచ్చారు. రాజమండ్రి నుంచి కడియం దాకా ఆటోలో, ఒక్కరే. మా నర్సరీలో ఆవిడ అడుగుపెట్టి ఎనిమిదేళ్ళు. భాస్కరం పోయి వచ్చే నెలకు ఏడాది. మా ఆవిడ సత్యకుమారి ఎదురెళ్ళి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నేను మడి దగ్గరే నిలబడిపోయాను, నీళ్ళు చెప్పుల్లోకి వస్తున్నా.

కాఫీ తాగాక సంగతి చెప్పారు. విశాఖపట్నం నుంచి జీవరాజు గారు ఉత్తరం రాశారట. ఆయన మా కోస్తా స్పోర్ట్స్ కార్ల మిత్రమండలికి కార్యదర్శి. పాత స్పోర్ట్స్ కార్లంటే పడిచచ్చేవాళ్ళం శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా పద్నాలుగు మందిమి ఉండేవాళ్ళం. నేను మానేసి చాలాకాలమైంది. భాస్కరం సంస్మరణ సభ ఇక్కడే పెట్టాలని, అందరూ తమ తమ కార్లలోనే వస్తామని, భాస్కరం కారు నడుస్తుంటే ఒక్కసారి చూడాలని ఉత్తరం. ఫిబ్రవరి పదిహేడు, ఆదివారం.

“మీరే జరిపించాలి అన్నయ్యగారూ.”

“నేనెందుకండీ? మా ఇద్దరికీ మాటలే లేవు కదా.”

“మాటల్లేకపోతే పోనీండి. ఇంజను మీ దగ్గరుంది కదా?”

అదీ నిజమే. కారు బాడీ వాళ్ళింట్లో ఉంది. ఇంజను నా షెడ్డులో ఉంది. తొంభై మూడులో ఓవర్‌హాల్‌కని విప్పి తెచ్చాను. ఆ వారంలోనే మాటా మాటా వచ్చింది. మళ్ళీ ఇవ్వలేదు. వాడూ అడగలేదు.

గొడవ రంగు దగ్గర. నేను ఎరుపన్నాను, వాడు ఆకుపచ్చ అన్నాడు. అంతే.

చేస్తానని చెప్పాను. మాణిక్యాంబ గారి మొహం చూసి కాదనలేకపోయాను. అంతకుమించి ఏమీ లేదు.

22 జనవరి

ఇంజను చూడలేదు. తొందరేముంది.

23 జనవరి

చూశాను. కొబ్బరిపీచు బస్తాలు పద్దెనిమిది తీయించాల్సి వచ్చింది. గోనెపట్టాలో చుట్టి, తాడుతో నేను కట్టిన ముడి అలాగే ఉంది. ముడి విప్పుతుంటే సత్యకుమారి వెనక నిలబడి, “అమ్మకుండా ఎందుకుంచారో ఇన్నాళ్ళూ?” అంది. పాతసామాను కొనేవాడు సరిగ్గా రావడం లేదన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

25 జనవరి, శుక్రవారం

రాజమండ్రి వెళ్ళాను. వాళ్ళ పెరట్లో రేకుల షెడ్డు. బాడీ మీద మాణిక్యాంబ గారి పాత చీరలు రెండు కలిపి కుట్టిన ముసుగు. తీసేసరికి, అదే కారు. ఎప్పుడో ఇంగ్లండు నుంచి వచ్చిన కారు. పైకప్పు లేదు, రెండే సీట్లు, చెంపలు ఉబ్బించిన పిల్లలాంటి ముందుభాగం. రంగు గీకేసి ఊరుకున్నాం కదా, బూడిదరంగు ప్రైమరుతోనే ఉంది. బంపర్లు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి.

“ప్రతి ఆదివారం తుడిచేవారు,” అన్నారావిడ.

డెబ్భై మూడులో పెద్దాపురం దగ్గర ఒక జమీందారు గారి షెడ్డులో దొరికింది ఇది. సీటు మీద కోడి గుడ్లు పొదుగుతోంది. ఆ పిల్లలు లేచేదాకా ఆగమన్నారు దివాణంవాళ్ళు, ఆగాం. తరవాత ఎడ్లజతకు కట్టి రాజమండ్రి తోలుకొచ్చాం, రెండు రోజులు పట్టింది. నేను ఎడ్ల పక్కన నడిచాను. భాస్కరం ఫిజిక్సు లెక్చరరు కదా, హుందాగా స్టీరింగు ముందు కూర్చుని ప్రతి ఊళ్ళోనూ హారన్ నొక్కాడు. సామర్లకోటలో జనం పెళ్ళి ఊరేగింపనుకుని అక్షింతలు వేశారు.

ఇది రాస్తూ నవ్వుతున్నాను. సత్యకుమారి వంటింట్లోంచి తొంగిచూసింది.

ఏసుపాదానికి కబురు పెట్టాను. ఈ డెల్టాలో అలాంటి ఇంజను విప్పి మళ్ళీ బిగించగలిగిన మేస్త్రీ ఇంకొకడు లేడు.

27 జనవరి, ఆదివారం

ఏసుపాదం వచ్చి ఇంజను చుట్టూ మూడుసార్లు తిరిగాడు. హ్యాండిల్ పెట్టి తిప్పబోయాడు. కదల్లేదు.

“పట్టేసిందండి.”

“వదుల్తుందా?”

“ఆయ్, వదుల్తాదండి. ఎనిమిదేళ్ళు అలిగి కూకున్నది ఒక్కరోజులో ఎలా వదుల్తాదండీ? ఆయిలు పోసి వదిలేద్దాం. రోజూ కాస్త పలకరిద్దాం.”

ఆ మాట ఇంజను గురించే అన్నాడు.

29 జనవరి

పలకరించాం. కదల్లేదు.

31 జనవరి, గురువారం

సభ మా నర్సరీలోనే అని తేల్చాం. రాజమండ్రిలో అన్ని కార్లు నిలిపే చోటెక్కడుంది? ఇక్కడైతే కాలువ పక్కన కొబ్బరితోట ఖాళీ. షామియానా, కుర్చీలు మాట్లాడాను. భోజనాల దగ్గరే తేలడం లేదు. పులిహోర, పనసపొట్టు కూర, గుత్తివంకాయ, మజ్జిగపులుసు, ఆత్రేయపురం పూతరేకులు అన్నాను నేను. సంస్మరణ సభకు పూతరేకులేంటండీ అంది సత్యకుమారి. మాణిక్యాంబ గారికి ఫోను చేసి అడిగాం.

“ఆయన సభలో పూతరేకుల్లేకపోతే ఆయనే లేచి వెళ్ళిపోతారు,” అన్నారావిడ ఫోన్లో.

సత్యకుమారి పడీపడీ నవ్వింది. అవతల ఆవిడా నవ్వుతున్నట్టుంది. ఫోను నా చేతికి మళ్ళీ రాలేదు. ఇద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారు.

3 ఫిబ్రవరి, ఆదివారం

మాణిక్యాంబ గారు ఒక ఫైలు ఇచ్చారు. భాస్కరం తను రాసిన ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ దాచుకునేవాడు. సభలో చదవడానికి ఏమైనా పనికొస్తాయేమో చూడమన్నారు. అన్నీ జీవరాజు గారికి రాసినవే. తొంభై నాలుగు నుంచి పోయేముందు నెల దాకా.

“నిన్న ఆదివారం నేనూ మా అప్పాజీ ధవళేశ్వరం ఆనకట్ట దాకా వెళ్ళొచ్చాం. బండి వాడే నడిపాడు. నాకన్నా బాగా నడుపుతాడు గానీ ఆ ముక్క వాడితో అనను.” ఇది తొంభై ఐదులో.

“అప్పాజీ బ్రేకులు సరిచేశాడు. రావులపాలెం వంతెన మీద గాలికి నా కళ్ళజోడు ఎగిరిపోయింది. వాడు నవ్విన నవ్వుకు పడవలోవాళ్ళు తలెత్తి చూశారు.” తొంభై ఎనిమిది.

నలభై ఒక్క ఉత్తరాలు. ప్రతి దాంట్లోనూ నేనున్నాను. ప్రతి ఆదివారం మేం ఎక్కడికో అక్కడికి వెళ్ళొచ్చాం. అసలు ఆ ఏడేళ్ళలో ఒక్క ఆదివారం కూడా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఇంజనేమో కొబ్బరిపీచు కింద ఉంది.

ఇంత అబద్ధం ఎందుకు రాశాడు?

జీవరాజు గారు మండలిలో అందరికీ చదివి వినిపించే ఉంటారు, వాళ్ళంతా ఇవి నమ్మి వస్తున్నారు. సభలో ఏం చెప్పాలి నేను? నిజం చెబితే పోయినవాడు అబద్ధాలకోరవుతాడు. చెప్పకపోతే, వాడి ఫొటో ముందు నిలబడి నేనూ అదే అబద్ధం ఆడాలి.

4 ఫిబ్రవరి

రంగు దగ్గర కాదు.

ఇక్కడైనా రాసుకోవాలి. తొంభై మూడు డిసెంబరులో విశాఖపట్నం బీచిరోడ్డులో మిత్రమండలి కార్ల ప్రదర్శన. మా కారు ముందు అట్ట పెట్టారు. యజమాని: భాస్కరం. మెకానిక్: అప్పాజీ. ఫారం నింపింది వాడే. ఇద్దరం చెరిసగం వేసుకుని కొన్న కారు. ఇరవై ఏళ్ళు నేనూ వాడూ కలిసి బోల్టు బోల్టూ విప్పి బిగించిన కారు. “మెకానిక్ ఏంట్రా?” అని అడిగాను. “ఫారంలో రెండే గళ్ళున్నాయిరా” అన్నాడు. నిజంగా వాడికి అందులో తప్పేమీ కనబడలేదు. అదే నాకు ఎక్కువ మండింది. అక్కణ్ణుంచి రాజమండ్రి దాకా పక్కపక్కనే కూర్చుని ఒక్కమాట లేకుండా వచ్చాం. రంగు గొడవ తరవాత వచ్చింది. ఎరుపైనా ఆకుపచ్చైనా నాకు ఒకటే.

7 ఫిబ్రవరి, గురువారం

కదిలింది! ఏసుపాదం హ్యాండిల్ మీద వేలాడితే పావు చుట్టు తిరిగింది. స్టార్టయి మోగడానికి ఇంకా చాలా ఉంది. అయినా ఏసుపాదానికి నా కొత్త తువ్వాలు ఇచ్చేశాను.

10 ఫిబ్రవరి, ఆదివారం

ఇంజను ట్రాక్టరు మీద రాజమండ్రి చేరింది. బాడీలో దించుతున్నప్పుడు అందరం ఊపిరి బిగబట్టాం. దిగి, టక్కున కూర్చుంది. మాణిక్యాంబ గారు కొబ్బరికాయ కొట్టారు.

ఏసుపాదం బిగిస్తుంటే మేం పెరట్లో కూర్చున్నాం. పెరడంతా కుండీలు. మందారాలు, క్రోటన్లు, చామంతులు, నడవడానికి చోటు లేదు. ఇన్ని మొక్కలు ఎప్పుడు పెంచారమ్మా అన్నాను మాటవరసకు.

“మీ కోసమేనండీ.”

“నా కోసమా?”

“నెలకోసారి కడియం వచ్చేవారు మీతో మాట్లాడతానని. మీ గేటు దాకా వచ్చి, ధైర్యం చాలక, మీ పక్క నర్సరీలో ఏదో ఒక మొక్క కొనుక్కుని తిరిగొచ్చేవారు. మాట్లాడారా అని అడిగితే కుండీ చూపించేవారు. ఇవన్నీ అవే.”

లెక్కపెట్టబోయి మానేశాను.

ఆ ఉత్తరాలెందుకు అలా రాశాడని అడిగాను. “అవి రాసిన రోజు మాత్రం హాయిగా అన్నం తినేవారండీ,” అన్నారు.

అప్పుడు చెప్పేశాను. పోయినేడు వాడు పోయిన రోజు కేరళ లారీ లోడింగుందని, అందుకే రాలేదని ఊరంతా చెప్పుకున్నాను. ఏ లారీ లేదు. చామంతులూ లిల్లీలూ కలిపి దండ కట్టించుకుని, శ్మశానం దారిలో కోటిలింగాల రేవు మలుపు దాకా వచ్చాను. వాళ్ళు వాణ్ణి మోసుకొచ్చేసరికి అరుగు చాటుకు వెళ్ళాను. దండ గోదాట్లో వదిలేసి వచ్చేశాను.

 తిడతారనుకున్నాను.

“ఆయన గేటు దాకా, మీరు మలుపు దాకా. బాగానే సరిపోయింది మీ ఇద్దరికీ,” అన్నారు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వేశారు. నేనూ నవ్వాను. ఏసుపాదం కారు కిందనుంచి తల బయటపెట్టి, ఏమైందండీ అన్నాడు. ఏమీ లేదు, నువ్వు బిగించు అన్నాం ఇద్దరం ఒక్కసారే.

11 ఫిబ్రవరి

రంగు. ఏసుపాదం ఎరుపు డబ్బా, ఆకుపచ్చ డబ్బా రెండూ తెచ్చి నా ముందు పెట్టాడు. ఆకుపచ్చ వెయ్యమన్నాను, భాస్కరం కోరిక కదా. మాణిక్యాంబ గారు ఎరుపు వెయ్యాలంటారు, నా కోరిక కదా. గంటసేపు మర్యాదగా పోట్లాడుకున్నాం. చివరికి సత్యకుమారి విసుక్కుని, “బంతిపువ్వు రంగు వెయ్యవయ్యా ఏసుపాదం, వీళ్ళని అడక్కు” అంది. వేశాడు.

14 ఫిబ్రవరి, గురువారం

రంగు ఆరింది. మోగలేదు. హ్యాండిల్ ఇరవైసార్లు తిప్పాం.

15 ఫిబ్రవరి

మోగలేదు. షామియానావాళ్ళు వచ్చారు. జీవరాజు గారు ఫోను చేసి, “కారు రెడీయేనా?” అని అడిగారు. రెడీయే అన్నాను. నేనూ ఉత్తరాలు మొదలుపెట్టినట్టే.

16 ఫిబ్రవరి, శనివారం

మోగింది. మోగింది. పదకొండూ ఇరవైకి.

మొదట దగ్గింది, తరవాత నల్లటి పొగ, తరవాత ఆ చప్పుడు. ఎనిమిదేళ్ళయినా చెవి మరిచిపోలేదు. మాణిక్యాంబ గారు చేతిలో పోపుగరిటెతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి షెడ్డు గుమ్మంలో ఆగిపోయారు. ఏసుపాదం సిలువ వేసుకుని, నా కాళ్ళకు దణ్ణం పెట్టబోతే నేనే వాడి కాళ్ళు పట్టుకున్నాను.

నేనే నడుపుకుంటూ కడియం తీసుకొచ్చాను. దారిలో కనబడిన ప్రతివాడికీ హారన్ కొట్టాను.

17 ఫిబ్రవరి, ఆదివారం

అంతా రాయాలి. 

తొమ్మిదింటికి కాలువగట్టు మీద మొదటి చప్పుడు వినిపించింది. కొబ్బరితోటలో పని చేస్తున్న ఆడకూలీలు పారలు వదిలేసి గట్టెక్కారు. ఒకదాని వెనక ఒకటి పదకొండు కార్లు. ఎర్రవి, తెల్లవి, నీలంది, ఒకటి పల్లకీ అంత పొడుగ్గా. నెల్లూరు నుంచి వచ్చిన కారుకు దారిలో సైలెన్సరు ఊడిపోయిందట, దాని రాక అరమైలు ముందే తెలిసిపోయింది. మడుల్లో ఆడవాళ్ళు బంతిపూల దండలు సిద్ధంగా పెట్టారు. మనుషులకు వెయ్యమంటే కార్లకు వేశారు. కార్లవాళ్ళు దానికే ఎక్కువ సంతోషించారు.

మధ్యలో మా కారు. దాని ముందు బల్ల మీద భాస్కరం ఫొటో. జీవరాజు గారు డెబ్భై ఏళ్ళ మనిషి, వచ్చి ముందు ఫొటోకు దణ్ణం పెట్టి, తరవాత బానెట్ మీద చెయ్యి వేసి వేడి చూశారు.

సభ మొదలైంది. ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. గుడివాడ ఆయన తన కారుకు భాస్కరం కాలేజీ లాబులో కూర్చుని స్ప్రింగు లెక్కలు కట్టి పంపిన సంగతి చెప్పాడు. తణుకు ఆయన పాట పాడబోయి ఏడ్చేశాడు. తరవాత జీవరాజు గారు, “భాస్కరం గారి ప్రాణమిత్రుడు, ఆ చివరి ఏడేళ్ళూ ప్రతి ఆదివారం ఆయన పక్కన కూర్చున్న అప్పాజీ గారు మాట్లాడతారు,” అన్నారు.

మైకు పట్టుకున్నాను. రాసి పెట్టుకున్న కాగితం జేబులోనే ఉంది. తియ్యలేదు.

“నేను ఆ ఏడేళ్ళూ వాడి పక్కన లేనండి,” అన్నాను. “ఇంజను నా షెడ్డులో కొబ్బరిపీచు బస్తాల కింద ఉంది. వాడి మీద అలిగి నేను ఇవ్వలేదు. వాడు మీకు రాసినవేవీ జరగలేదు. జరిగి ఉంటే బాగుండునని రాశాడు. జరక్కపోవడంలో సగం తప్పు నాది. ఎక్కువ సగమే నాది. వాణ్ణి అబద్ధాలకోరనుకోకండి. అనుకుంటే నన్ను అనుకోండి.”

కూర్చోబోయాను.   జీవరాజు గారు లేచి నా భుజం పట్టుకుని నిలబెట్టారు.

“అప్పాజీ గారూ, ఏడేళ్ళలో నలభై ఉత్తరాలు రాశారండీ మీ భాస్కరం గారు. ఒక్కదాంట్లోనైనా ఒక్క స్పేర్ పార్టు అడగలేదు. ఇంత పాత కారు నడుపుతున్నవాడెవడైనా సామాను అడక్కుండా ఉత్తరం రాస్తాడా? రెండో ఏడాదికే మాకందరికీ అర్థమైపోయింది. కారు నడవడం లేదని, మీ ఇద్దరికీ చెడిందని!”

నెల్లూరు ఆయన వెనకనుంచి, “మరీ ఫ్యాన్ బెల్టు కూడా అడగలేదండీ!” అని అరిచాడు.

షామియానా ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాళ్ళు, బల్ల చరిచేవాళ్ళు. భాస్కరం ఫొటో బల్ల కదిలి పక్కకు ఒరిగింది, ఏసుపాదం పట్టుకున్నాడు.

“మరి తెలిసీ ఎందుకు జవాబులు రాశారండీ?” అన్నాను.

“ఎంత బాగా రాసేవారండీ! వచ్చే ఆదివారం ఎక్కడికెళ్తారో అని మేం ఎదురుచూసేవాళ్ళం.”

చివర మాణిక్యాంబ గారిని రెండు మాటలు చెప్పమన్నారు. నాకు మాట్లాడటం రాదండీ అంటూనే మైకు తీసుకున్నారు.

“నాకు కార్ల సంగతి తెలీదండి. ఒక్కటి తెలుసు. ఆ కారులో రెండే సీట్లు. ఇరవై ఏళ్ళు ఆ రెండూ వీళ్ళిద్దరివే. తరవాత ఎనిమిదేళ్ళు రెండూ ఖాళీ. ఖాళీగా ఉన్నప్పుడైనా ఒకసారి కూర్చోవే అని ఆయన నాతో అనలేదు. నేనూ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను.”

 నేను సత్యకుమారి వైపు చూశాను. “చూస్తారేంటి, తలుపు తియ్యండి!” అంది.

తీశాను. ఆవిడ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ముందు ఒక కాలు పెట్టాలో రెండోది పెట్టాలో తెలియక, చివరికి ధభీమని కూర్చున్నారు. కాలువగట్టు మీదుగా ధవళేశ్వరం వైపు పోనిచ్చాను. వెనక పదకొండు కార్లూ బయల్దేరాయి. జాగ్రత్తగా, నిదానంగా నడుపుతున్నాను. వేమగిరి దాటాక ఆవిడ నా వైపు తిరిగారు.

“అన్నయ్యగారూ, ఇది ఇంతేనా వెళ్ళేది?”

“వెళ్తుందండి. మీరు భయపడతారేమోనని.”

“భయపడితే చెబుతాను లెండి.”

తొక్కాను. ఆవిడ జడముడి ఊడిపోయింది. ఆనకట్ట దగ్గర గోదారి గాలి మొహానికి కొట్టేసరికి రెండు చేతులూ పైకెత్తి గట్టిగా ఏదో అరిచారు. ఇంజను మోతలో వినబడలేదు. ఏమన్నారని తరవాత అడిగితే చెప్పనన్నారు. ఆయనకు చెప్పిన మాటట.

తిరిగొచ్చేసరికి పూతరేకులు అయిపోయాయి.

18 ఫిబ్రవరి, సోమవారం

అందరూ వెళ్ళిపోయారు. కారు ఎక్కడుండాలని మాణిక్యాంబ గారినడిగాను. నెలకు పదిహేను రోజులు అక్కడ, పదిహేను రోజులు ఇక్కడ, ఈసారి విప్పకుండా అన్నారు. జీవరాజు గారికి ఉత్తరం రాశాను. ఒక ఫ్యాన్ బెల్టు, రెండు బ్రేకు గొట్టాలు, వైపర్ ఒకటి పంపమని అడిగాను.

19 ఫిబ్రవరి

పొద్దున్న లేచేసరికి సత్యకుమారి జరీ అంచు చీర కట్టుకుని, తలకు గుడ్డ చుట్టుకుని, పులిహోర క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కారులో కూర్చుని ఉంది. ధవళేశ్వరం అందరూ చూసిందేనట. ఉప్పాడ పోనివ్వాలట. చీర కోసమా అన్నాను. ముందు సముద్రం, చీర సంగతి అక్కడ చూద్దాం అంది.

అంతదూరం పోతుందో లేదో, బ్రేకు గొట్టాలు ఇంకా రాలేదు అని చెప్పి చూశాను. నెమ్మదిగా పోదాం అంది. ముప్పై ఏళ్ళు ఆగినదాన్ని అంది.

హారన్ కొడుతోంది. మళ్ళీ కొట్టింది. వెళ్ళాలి.